గుడ్ల కౌజు పిట్టలు: ఏ రక్తం తెచ్చుకోవాలి, ఎన్ని మగ పిట్టలు ఉంచుకోవాలి

మొదటి రెండేళ్లు నేను నాలుగు మగ పిట్టలతో నూరు పెట్టలను నడిపాను. గుడ్ల లెక్క బాగుండేది, దాణా ఖర్చు తక్కువ, ఇంకేం కావాలి అనుకున్నాను. పిల్లలు ఆరేడు వారాలకే గుడ్లకొస్తాయి కదా అని ప్రతి బ్యాచ్‌లోంచే మళ్లీ తల్లులను, తండ్రులను ఎంచి పొదిగించాను. ఏడో తరం వచ్చేసరికి ఇంక్యుబేటర్‌లో సగం గుడ్లు గుడ్లుగానే మిగిలాయి. వచ్చిన పిల్లల్లో కొన్నింటికి కాళ్లు వంకర, కొన్ని వారం తిరక్కుండానే పోయేవి. థర్మామీటర్ మార్చాను, దాణా మార్చాను, నీళ్లలో విటమిన్లు కలిపాను. మార్చాల్సింది మగ పిట్టలని తెలిసేసరికి చాలా డబ్బు పోయింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ హేచరీ మంచిది, ఏ రకం మంచిది" అని అడిగితే నేను ముందు వాళ్ల షెడ్‌లో మగ పిట్టలు ఎన్ని ఉన్నాయని అడుగుతాను. మిగతా ఎంపికలన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ పిట్టకే ఎందుకింత జాగ్రత్త

మనం పెంచేది జపనీస్ కౌజు. జపాన్‌లో కొన్ని వందల ఏళ్ల క్రితం దీన్ని కూత కోసం పంజరాల్లో పెంచేవాళ్లు. గుడ్ల కోసం ఎంచి పెంచడం 20వ శతాబ్దం మొదట్లో ఊపందుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కూత పిట్టల రకాలైతే అసలే మిగల్లేదు. యుద్ధం తర్వాత మిగిలిన కొద్ది పిట్టల నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి తెచ్చిన వాటి నుంచి మళ్లీ మంద కట్టారు. ప్రపంచమంతా వ్యాపించిన పెంపుడు కౌజుల్లో ఎక్కువ భాగానికి మూలం అదే. మన దేశానికి 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి వచ్చాయి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ, అంటే అందరూ 'కారి' అని పిలిచే సంస్థ, వాటిని ఇక్కడి వాతావరణానికి అలవాటు చేసి రైతులకు అందించింది.

అంటే మన చేతికి వచ్చేటప్పటికే ఈ పిట్ట కొద్ది పిట్టలే మిగిలిన రెండు మూడు ఇరుకు సందుల్లోంచి దూరి వచ్చింది. దానికి తోడు తరాలు చాలా వేగంగా తిరుగుతాయి. గుడ్డు పదిహేడు పద్దెనిమిది రోజుల్లో పిల్ల అవుతుంది, ఆ పిల్ల ఆరేడు వారాల్లో గుడ్డు పెడుతుంది. తొందరపడితే ఏడాదికి నాలుగు తరాలు తిప్పేయొచ్చు. ఆవుల్లో ముప్పై నలభై ఏళ్లు పట్టే పొరపాటును కౌజుల్లో రెండేళ్లలో చేసేయగలం.

మూడో సంగతి, దగ్గరి రక్తాన్ని ఈ పిట్ట తట్టుకోలేదు. 1960ల్లో కాలిఫోర్నియాలో పరిశోధకులు కౌజుల్లో తోబుట్టువులను వరుసగా జతకట్టి చూశారు. పొదుగుడు పడిపోయింది, పిల్లలు బతకలేదు, కొద్ది తరాల్లోనే ఆ వరుసలు నిలబెట్టుకోలేని స్థితికి వచ్చాయి. మన ఊళ్లలో గొర్రెలవాళ్లు విత్తన పొట్టేలును రెండేళ్లకోసారి మార్చేస్తారు, కూతుళ్ల మీదకి తండ్రిని వదలరు. కౌజుల దగ్గరికి వచ్చేసరికి అదే ఇంట్లోవాళ్లు ఆ సంగతి మర్చిపోతున్నారు. పిట్ట చిన్నది, పేరు పెట్టి పిలవం, ఎవరి కొడుకు ఎవరో గుర్తుండదు. అంతే కారణం.

మొదటి ఎంపిక: పొదిగించాలా, వద్దా

చాలామందికి ఇక్కడే పని తేలిపోతుంది. మీరు అమ్మేది తినే గుడ్లు మాత్రమే అయితే మీ షెడ్‌లో మగ పిట్ట ఒక్కటీ అక్కర్లేదు. మగది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పెట్టలన్నీ అక్కాచెల్లెళ్లయినా మీకు నష్టం లేదు, ఎందుకంటే వాటి తర్వాతి తరం మీ దగ్గర పుట్టదు. పైగా మన ఎండాకాలంలో మగవి కలిపి ఉంచితే గుడ్డు లోపల పిండం పెరగడం మొదలై త్వరగా పాడవుతుంది. మగవి లేని గుడ్డే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇలాంటివాళ్లు మూడు వారాలు దాటిన పెట్టలను కొనడం మేలు. ఆ వయసుకి మామూలు గోధుమరంగు రకంలో మగదాని రొమ్ము ఇటుక రంగులోకి తిరుగుతుంది, పెట్ట రొమ్ము మీద నల్లని చుక్కలు ఉంటాయి. చూడగానే తెలిసిపోతుంది. ఒకరోజు పిల్లలు చవక, కానీ అందులో సగం మగవే వస్తాయి. మాంసానికి అమ్ముకునే దారి ఉంటే తప్ప అది లాభం కాదు.

జన్యు వైవిధ్యం గురించిన టెన్షన్ వీళ్లకు ఉండదు, కానీ పిల్లలిచ్చే హేచరీకి ఉండాలి. కాబట్టి కొనేముందు అడగండి: మీ తల్లి మంద ఎక్కడి నుంచి వచ్చింది, కొత్త రక్తం చివరిసారి ఎప్పుడు కలిపారు, మగవి ఎన్ని, పెట్టలు ఎన్ని. తడుముకోకుండా చెప్పగలిగినవాళ్ల దగ్గర కొనండి. "మా పిట్టలు గ్యారంటీ" అని మాత్రమే చెప్పేవాళ్ల దగ్గర నేను కొనను.

పొదిగించేవాళ్లకు: లెక్క ఇది

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. ఒక్కసారి అర్థమైతే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

ఒక మగది, మూడు పెట్టలతో మొదలుపెట్టారనుకోండి. వాటి పిల్లలన్నింటికీ తండ్రి ఒక్కడే. ఆ పిల్లలను తమలో తాము జతకడితే మూడింట ఒక వంతు జతలు సొంత తోబుట్టువులు, మిగతావి తండ్రి ఒక్కడైన సవతి తోబుట్టువులు. ఆ జతలకు పుట్టే పిల్లల్లో రక్తం దగ్గరతనం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు వచ్చే అవకాశం, సగటున 16.7 శాతం. మనకు తెలిసిన వరసల్లో చెప్పాలంటే, మేనత్త పిల్లనో మేనమామ పిల్లనో చేసుకునే మేనరికంలో పిల్లలకు ఈ లెక్క 6.25 శాతం. మేనమామ అక్క కూతురిని చేసుకుంటే 12.5. సొంత తోబుట్టువులైతే 25. అంటే నాలుగు పిట్టల మందలో మనవల తరానికే అక్క కూతురి వరస దాటిపోయాం.

మంద పెద్దదైతే తరానికి పెరిగే దగ్గరతనం తగ్గుతుంది. లెక్క తేలిక: ఒకటిని మగవాటి సంఖ్యకు ఎనిమిది రెట్లతో భాగించండి, అలాగే ఒకటిని పెట్టల సంఖ్యకు ఎనిమిది రెట్లతో భాగించండి, రెండూ కూడండి, వందతో గుణిస్తే శాతం వస్తుంది. ఐదు మగవి, పదిహేను పెట్టలైతే తరానికి 3.3 శాతం. పది, ముప్పై అయితే 1.7. ఇరవై, నలభై అయితే ఒక శాతం లోపే. ఇప్పుడు నేను నడిపిన మందను చూడండి. నాలుగు మగవి, నూరు పెట్టలు: 3.25 శాతం. పదిహేను పెట్టలున్న చిన్న మందకూ నా నూరు పెట్టల మందకూ తేడా దాదాపు లేదు! పెట్టలు ఎన్ని పెంచినా మగవి తక్కువైతే లెక్క అక్కడే ఆగిపోతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నా రెండేళ్లు మిగిలేవి.

తరాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఐదు, పదిహేను మందలో ఏడాదికి నాలుగు తరాలు తిప్పితే ఏడాది చివరికి సుమారు 12.7 శాతం. రెండో ఏడాది చివరికి 23.8. అంటే రెండేళ్లలో మందలో ఏ రెండింటిని జతకట్టినా తోబుట్టువులను కట్టినంత పని. అదే మందను ఏడాదికి రెండు తరాలే తిప్పితే ఏడాదికి 6.6 దగ్గర ఆగుతుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే లాభం ఇది. గుడ్లు బాగా పెడుతున్న తల్లులను ఆరేడు నెలల వయసు దాకా తల్లులుగా ఉంచండి. పిల్లలు గుడ్లకొచ్చాయని ఆ వారమే తరం మార్చొద్దు.

ఖర్చు ఎంతో కూడా చెబుతాను. పెద్ద కౌజు రోజుకు సుమారు పాతిక గ్రాముల దాణా తింటుంది. నాలుగు మగవాటికి బదులు ఇరవై ఉంచితే రోజుకు 400 గ్రాములు, నెలకు 12 కిలోలు ఎక్కువ. మీ దగ్గరి దాణా ధరతో గుణించి, పొదగని గుడ్ల విలువ పక్కన పెట్టి చూడండి. పిల్లలు అమ్మేవాళ్లకైతే ఆలోచించాల్సిన పనే ఉండదు.

మూసిన మందా, ప్రతిసారీ కొనడమా, గుంపుల మార్పిడా

పొదిగించేవాళ్ల ముందు ఉన్న దారులు ఇవే. ప్రతి ఏడాదీ తల్లి మందనంతా బయట కొనడం ఒకటి. ఇందులో మీకు పుస్తకం రాసే పని లేదు, కానీ డబ్బు, ప్రయాణంలో చావులు, ప్రతిసారీ కొత్త జబ్బు వచ్చే ప్రమాదం ఉన్నాయి. పిట్టలు ఇచ్చేవాళ్ల మంద బాగున్నంత కాలమే మీ మంద బాగుంటుంది. యాభై పెట్టల లోపు ఉన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను. అంత చిన్న మందలో సొంతంగా వైవిధ్యం నిలబెట్టడం కష్టం.

బయటి నుంచి ఏమీ తేకుండా ఒకే మందగా నడపడం రెండో దారి. జబ్బుల భయం తక్కువ. కానీ ఇరవై మగవి లేకుండా దీన్ని పెట్టుకోవద్దు.

నేను ఇప్పుడు చేస్తున్నది మూడోది, గుంపుల మార్పిడి. మందను నాలుగు గుంపులు చేశాను. ఎరుపు, పచ్చ, నీలం, పసుపు, కాళ్లకు ఆ రంగు ప్లాస్టిక్ రింగులు. ఒక్కో గుంపులో ఐదు మగవి, పదిహేను పెట్టలు. పుట్టిన ఆడపిల్లలు తల్లి గుంపులోనే ఉంటాయి. మగపిల్లలు మాత్రం పక్క గుంపుకు వెళ్తాయి. ఎరుపు కొడుకులు పచ్చకు, పచ్చవి నీలానికి, నీలంవి పసుపుకు, పసుపువి ఎరుపుకు. ప్రతి తరం ఇదే వరస, ఎప్పుడూ దిశ మార్చను. మొత్తం మీద ఇరవై మగవి ఉన్నట్టే, పైగా సొంత అన్నాచెల్లెళ్లు ఎప్పటికీ జత కలవవు. గోడకు ఒక కాగితం అంటించి బాణం గుర్తులు గీసి పెట్టుకుంటే పనివాళ్లు కూడా తప్పు చేయరు.

ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది. పిల్లలను ఎంచేటప్పుడు ఎక్కువ గుడ్లు పెట్టిన రెండు కేజ్‌ల నుంచే కొడుకులందరినీ తీసుకుంటారు. అలా చేస్తే కాగితం మీద ఇరవై మగవి, నిజానికి ఇద్దరు తండ్రులు. తండ్రి తండ్రికీ ఒక కొడుకు, పెట్ట పెట్టకూ ఒక కూతురు, ఇదే నియమం. ప్రతి తండ్రి కొడుకుల్లో బాగున్నదాన్ని ఎంచండి, కానీ ఏ తండ్రినీ వదిలేయొద్దు. ఇలా సమానంగా తీసుకుంటే దగ్గరతనం పెరిగే వేగం సుమారు సగానికి తగ్గుతుంది. మీ ఎంపికా సాగుతుంది, కొంచెం నెమ్మదిగా.

దీనికి కేజ్‌ల అమరిక ముఖ్యం. పెద్ద గదిలో ఐదు మగవి, పదిహేను పెట్టలను కలిపి వదిలితే బలమైన మగది ఒకటో రెండో మిగతావాటిని తల మీద పొడిచి తరిమేస్తాయి. పిల్లలన్నీ వాటివే అవుతాయి. చిన్న కేజ్‌లో ఒక మగది, మూడు పెట్టలు పెడితే ప్రతి మగదానికీ పిల్లలు ఉంటాయి, ఏ గుడ్డుకు ఎవరు తండ్రో కూడా తెలుస్తుంది. గుడ్డు మీద పెన్సిల్‌తో కేజ్ నంబరు రాసి, పొదిగే చివరి మూడు రోజులు ఒక్కో కేజ్ గుడ్లను విడివిడి జాలీ బుట్టల్లో పెట్టండి.

నాలుగో దారి రెండు సంబంధం లేని వరుసలను వేర్వేరుగా ఉంచి, అమ్మే పిల్లల కోసం మాత్రం వాటిని కలపడం. కలిపిన మొదటి తరంలోనే పొదుగుడు, బతుకుడు లేచి కనిపిస్తాయి. కానీ రెండు వరుసలనూ విడివిడిగా నిలబెట్టాలి కాబట్టి స్థలం, పని రెట్టింపు. పిల్లల వ్యాపారమే ప్రధానమైనవాళ్లకు తప్ప ఇది నేను చెప్పను.

మొదటి పిట్టలు ఎక్కడివి

రెండు మూడు చోట్ల నుంచి తెచ్చుకోవడం మంచిదని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. కానీ రెండు హేచరీల పేర్లు వేరైనంత మాత్రాన రక్తం వేరు కాదు. ఇద్దరూ ఒకే చోట నుంచి తల్లులను తెచ్చి ఉండొచ్చు. కాబట్టి మూలం అడగండి. ఉత్తరాన కారి అభివృద్ధి చేసిన రకాలున్నాయి. వాటిలో 'కారి పెర్ల్' గుడ్ల కోసం చేసినది, తెల్ల పెంకు గుడ్లు పెడుతుంది. 'కారి ఉత్తమ్' మాంసానికి. దక్షిణాన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నామక్కల్, నందనం పేర్లతో రకాలు చేసింది. ఒకటి ఆ వైపు నుంచి, ఒకటి ఈ వైపు నుంచి వచ్చిన మూలమైతే రక్తం వేరుగా ఉండే అవకాశం ఎక్కువ.

గుడ్ల కోసమైతే మాంసం రకాన్ని కలపడం ఆలోచించి చేయండి. వైవిధ్యం పెరుగుతుంది, నిజమే. కానీ పిట్ట బరువెక్కుతుంది, ఎక్కువ తింటుంది, గుడ్లు తగ్గొచ్చు. గుడ్ల పెట్ట 150 గ్రాముల చుట్టూ ఉండి పది పన్నెండు గ్రాముల గుడ్డు పెడితే చాలు. ఏడాదికి 250కి పైగా గుడ్లు మంచి వరుస నుంచి ఆశించొచ్చు.

రంగు పిట్టల మీద మోజు బాగా పెరిగింది. తెల్లవి, పసుపువి, నీలి గుడ్లు పెట్టేవి. అందంగా ఉంటాయి, కాదనను. కానీ రంగు కోసం ఎంచడమంటే ఆ రంగున్న కొద్ది పిట్టల్లోంచే ముందుకు పోవడం. నీలి గుడ్డు లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి, అందుకని దాని వెంట పడినవాళ్లు దగ్గరి పిట్టలనే జతకడుతూ పోతారు. పసుపు రంగుల్లో ఒక జన్యువు మరీ కష్టం: అది రెండు వైపుల నుంచీ వస్తే పిండం గుడ్డులోనే చనిపోతుంది. ఆ పసుపు మీద పసుపును కడితే నాలుగో వంతు గుడ్లు పొదగవు. అలాంటి పసుపు మగదానికి మామూలు గోధుమరంగు పెట్టలను కట్టండి, పిల్లల్లో సగం పసుపువి వస్తాయి, ఎవరూ గుడ్డులో చావరు. గుడ్ల అమ్మకమే మీ బతుకుతెరువైతే గోధుమరంగు పిట్టతోనే మొదలుపెట్టండి.

అడవి కౌజును పట్టి కలిపితే రక్తం మారుతుందని ఒకరిద్దరు నాతో అన్నారు. వద్దు. మన చేలల్లో తిరిగే వాన కౌజు అసలు వేరే జాతి. శాస్త్రీయ నామంలో మన కోరమండల్ తీరం పేరే ఉన్న పిట్ట అది. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అలాగే మీ పిట్టలను బయట వదలొద్దు. యూరప్‌లో వదిలిన జపనీస్ కౌజులు అక్కడి అడవి కౌజులతో కలిసిపోయి వాటి రక్తాన్నే కలుషితం చేస్తున్నాయని అక్కడివాళ్లు బాధపడుతున్నారు.

పిట్టలుగా తేవాలా, గుడ్లుగానా

కొత్త రక్తాన్ని పొదిగే గుడ్లుగా తేవడం నాకు ఇష్టం. పెద్ద పిట్టతో వచ్చే పేలు, పేగు జబ్బులు చాలావరకు తగ్గుతాయి, అన్నీ ఆగవు. సాల్మొనెల్లా లాంటివి గుడ్డుతోనూ వస్తాయి. గుడ్డు పెట్టిన వారం లోపు పొదగేయాలి. బస్సులో వచ్చినవైతే మొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచి ఆ తర్వాత ఇంక్యుబేటర్‌లో పెట్టండి. పిట్టలుగానే తెస్తే నెల రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే చెప్పులతో ఉంచండి. నెలయ్యాక మీ పాత పిట్టలు రెండింటిని వాటితో రెండు వారాలు పెట్టి చూసి, అవి బాగుంటేనే కలపండి.

రక్తం మార్చే సమయం వచ్చిందో లేదో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. పొదుగుడు తగ్గగానే దగ్గరి రక్తమే అనుకోవద్దు. ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల దగ్గర లేకపోయినా, గుడ్లు పాతవైనా, తల్లులు ముసలివైనా తగ్గుతుంది. బయటి మంద నుంచి ఇరవై ముప్పై తాజా గుడ్లు తెచ్చి, మీ గుడ్లతో కలిపి అదే ట్రేలో, అదే రోజు పెట్టండి. పద్దెనిమిదో రోజున రెండూ తక్కువగా పొదిగితే తప్పు ఇంక్యుబేటర్‌ది. బయటివి బాగా వచ్చి మీవి రాకపోతే మిగిలిన మీ గుడ్లు పగలగొట్టి చూడండి. లోపల ఏమీ లేకుంటే మగవి పనిచేయడం లేదు, ముసలివో కొట్టుకుంటున్నవో. పిండం పట్టి మధ్యలో చనిపోయినవి ఎక్కువగా ఉంటే, తల్లుల దాణా కూడా సరిగానే ఉంటే, దగ్గరి రక్తాన్ని అనుమానించండి. బయటి గుడ్ల నుంచి వచ్చిన మగపిల్లలను అలాగే ఉంచుకోండి, వచ్చే తరానికి తండ్రులు అవే.

నేను తల్లి మంద కోసం దసరా రోజుల్లో ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి పొదిగిస్తాను. ఎండలు ముదిరాక గుడ్లు అమ్ముకోవడమే, పొదిగించడం ఉండదు. ఈసారి దసరాకు నీలం గుంపులోకి బయటి నుంచి ఐదు మగవి వస్తున్నాయి. గోడ మీద కాగితంలో ఆ బాణం ముందే గీసి పెట్టాను.